మృతులపై నింద

(ఒక యువజనసభలో న్యాయవాది యొకరు చేసిన యుపన్యాసము)



ఇంగ్లాండు దేశమున ఒక ఫుట్‌బాల్ క్రీడాస్థలమున జరిగిన ఘోరమును గూర్చియు, ఇరువది సంవత్సరముల తరువాత అమెరికాలో ఒక రేడియో వ్యాఖ్యాత ఆ విషయమై పలికిన మాటను గూర్చియు, ఆ మాటను సహింపక నిలిచిన సామాన్యజనులను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. దేశసేవకై కూడిన సభలో పరదేశపు బంతియాట ప్రసంగమేల యని మీలో కొందరు తలంపవచ్చును. జనము చచ్చినచోట జనముదే తప్పని తీర్పు చెప్పు నాలుక ఏ యొక్క దేశపు సొత్తును కాదు. అట్టి నాలుకకు సామాన్యులు ఎట్లు బదులు చెప్పగలరో తెలిసికొనుట మనకును అవసరము.

మొదట జరిగినదేమో వినుడు. 1989 ఏప్రిలు 15వ తేదీ, శనివారము. షెఫీల్డు నగరమునందలి హిల్స్‌బరో క్రీడాస్థలమున లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్టు జట్లకు ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనలు పోటీ యేర్పాటైనది. లివర్‌పూల్ అభిమానులకు లెపింగ్స్ లేన్ అను వైపున చోటిచ్చిరి. అచట నిలుచుండి చూచు భాగమునకు 10,100 టిక్కెట్లు. ఆ టిక్కెట్లు గలవారందరును లోనికి పోవుటకు తిరుగుడు ద్వారములు ఏడు మాత్రమే. మూడుగంటలకు ఆట. రెండున్నర దాటునప్పటికి ద్వారముల వెలుపల జనము క్రిక్కిరిసి ఊపిరాడని స్థితి యేర్పడినది. 2 గంటల 52 నిమిషములకు, పోలీసు బలగమున కధిపతిగా నున్న డేవిడ్ డకెన్‌ఫీల్డు ఆజ్ఞపై, 'సి' యను పెద్ద తలుపు తెరువబడినది.

ఆ తలుపున కెదురుగా సొరంగమువంటి దారి యొకటి కలదు. అది నడిమి దొడ్లలోనికి పోవును. దొడ్లు అని నేను పరిహాసమున కనుటలేదు; ఇనుపకంచెలతో వేరుచేసిన ఆ గదులకు వారి భాషలో పశువుల దొడ్డికి వాడు పేరే యున్నది. నడిమి దొడ్లు అప్పటికే నిండియున్నవి. ఇరుప్రక్కల దొడ్లలో చోటున్నది. కాని సొరంగమును మూయుమని చెప్పినవాడు లేడు. ప్రక్కదారిని చూపినవాడును లేడు. వెనుకనుండి వచ్చువారికి ముందేమగుచున్నదో తెలియదు. ముందున్నవారికి కంచె దాటుటకు వలనుపడదు. 3 గంటల 6 నిమిషములకు ఆట నిలిపిరి. నాటి గాయములచే మొత్తము 97 మంది మరణించిరి. వారిలో తుదివాడు మెదడునకు తగిలిన దెబ్బతో 32 సంవత్సరములు జీవించి 2021లో కన్నుమూసెను. అందరిలో చిన్నవాని వయస్సు పదేండ్లు.

ఆర్తనాదము లింకను సమసిపోకముందే అసత్యము పుట్టినది. తాను తెరిపించిన తలుపును అభిమానులే బలవంతముగా తెరచిరని డకెన్‌ఫీల్డు ఆ మధ్యాహ్నమే ఫుట్‌బాల్ సంఘాధికారులతో చెప్పెను. అది అబద్ధమని యాయన యొప్పుకొన్నది 2015లో, ప్రమాణముచేసి సాక్ష్యమిచ్చునపుడు. అసత్యము నోట వెలువడుటకు నిమిషములు, దానిని నోట నుపసంహరించుటకు ఇరువదియారు సంవత్సరములు పట్టినవి.

నాలుగవనాడు, ఏప్రిలు 19న, 'ది సన్' అను పత్రిక మొదటిపుటలో 'సత్యము' అని పెద్దయక్షరముల శీర్షిక నిలిపి, అభిమానులు మృతుల జేబులు దోచిరనియు, పోలీసులపై మూత్రవిసర్జన చేసిరనియు ప్రచురించినది. పేరు సత్యము, సరకు అసత్యము. అంతకుమున్నే అధికారులు మృతుల రక్తములో మద్యమెంత యున్నదో పరీక్ష చేయించియుండిరి. పసివారిని సయితము విడువలేదు. ఊపిరాడక చచ్చిన బాలుని రక్తమున మద్యము వెదకుటలో అధికారుల యంతరంగ మేమో నేను వివరింప నక్కరలేదు.

ఆ సంవత్సరము ఆగస్టులోనే న్యాయమూర్తి టైలర్ తన విచారణ నివేదికను వెలువరించెను. పోలీసుల నిర్వహణ విఫలమగుటయే విపత్తునకు ప్రధానకారణమని వ్రాసెను. టిక్కెట్టు లేనివారు మూకలుగా వచ్చుటచే ఇది జరిగెనను వాదమును పరీక్షించి త్రోసివైచెను. కాని నిజము కాగితముపై నుండుట వేరు, లోకము నోట నుండుట వేరు. 1991లో ముగిసిన మరణవిచారణలో 'ప్రమాదవశమున మరణము' అని తీర్పు వచ్చినది. 3 గంటల 15 నిమిషములకు తరువాత జరిగిన దానిని విచారింపనక్కరలేదని ఆ విచారణాధికారి హద్దు గీచెను. పదునైదేండ్ల కుమారుని పోగొట్టుకొన్న ఆన్ విలియమ్స్ అను తల్లి, తన బిడ్డ ఆ గడియ దాటియు జీవించి యుండెనని నిరూపించుటకే తన శేషజీవితమును ధారపోసెను.

ఇట్లుండగా 2009 ఏప్రిలు వచ్చినది. దుర్ఘటన జరిగి ఇరువది సంవత్సరములు నిండు వారమది. అమెరికాలో 'వరల్డ్ సాకర్ డైలీ' అను కార్యక్రమమున ఒక వ్యాఖ్యాత, టిక్కెట్లు లేక వేలకొలది వచ్చిన లివర్‌పూల్ అభిమానులే ఆ మరణములకు కారణమని పలికెను. అతని పేరుతో మనకు పనిలేదు. టైలర్ నివేదిక వెలువడి అప్పటికి ఇరువదేండ్లు కావచ్చినది. చదువదలచువానికి అది దొరకని గ్రంథము కాదు.

అమెరికాలో లివర్‌పూల్ జట్టు నభిమానించువారు చాలమంది కలరు. కొందరు సముద్రము దాటి స్థిరపడినవారు; కొందరు ఆ నగరమును కన్నులజూడని అమెరికనులు. వారికి స్టూడియోలు లేవు, పత్రికలు లేవు. అయినను వారు వ్యాఖ్యాతతో కంఠమునకు కంఠము కలిపి వాదులాడుటతో నూరకుండలేదు. ఆ కార్యక్రమమునకు ప్రకటనలిచ్చి పోషించు వ్యాపారసంస్థలకు లేఖలు వ్రాసిరి. జరిగినదిది, విచారణలో తేలినదిది, మీ ధనముతో ప్రసారమగుచున్న మాటయిది యని ముందుంచిరి. కొన్ని సంస్థలు తమ ప్రకటనలను ఉపసంహరించుకొనెను. వ్యాఖ్యాత క్షమాపణ చెప్పెను గాని అది అభిమానులకు చాలినట్లు తోపలేదు. 2009 ఆగస్టులో ఆ కార్యక్రమము నిలిచిపోయినది.

ఈ ఆయుధము వారికి క్రొత్త కాదు. 'ది సన్' అసత్యమును అచ్చువేసిన నాటినుండి లివర్‌పూల్ నగరము ఆ పత్రికను కొనుట మానినది. పెక్కు అంగళ్ళవారు దానిని అమ్ముట మానిరి. ఎవరును శాసింపలేదు, ఎవరును దండింపలేదు. తరములు మారినను ఆ నియమము చెడలేదు. బహిష్కారమునకు ఆంగ్లమున గల 'బాయ్‌కాట్' అను పేరు 1880లో ఐర్లాండు రైతులు వెలివేసిన యొక భూస్వామి ప్రతినిధి పేరు. లివర్‌పూలు జనములో ఐరిష్ సంతతివారు మెండు. మన ఆంధ్రులకును 1907లో బిపిన్ చంద్రపాలుగారు వచ్చి వందేమాతరము వినిపించిన నాటినుండి దీని మర్మము తెలియును. కొనువాడు చేయి ముడుచుకొన్నపుడు అమ్మువాడు ఆలోచింపవలసినదే.

ఇచట నొక ఆక్షేపణ కలదు. అది నా వృత్తికి చెందిన ఆక్షేపణ గావున దానిని తప్పించుకొనిపోరాదు. వాక్స్వాతంత్ర్యము మాట యేమి? ఒకడు తప్పుమాట పలికినంతమాత్రమున అతని జీవనమును పోగొట్టవచ్చునా? నేడు అసత్యమునకు పట్టిన గతి రేపు అప్రియసత్యమునకు పట్టదా?

ప్రభుత్వము ఒకని నోరు మూయుట వేరు. పౌరుడు తన సొమ్ము తీసికొని ప్రక్కకు తొలగుట వేరు. మాటాడు హక్కు ప్రతివానికిని కలదు. ఇతరుల ధనముతో, ఇతరుల యంత్రములతో మాటాడు హక్కు ఎవనికిని జన్మతః లేదు. ఆ యభిమానులు ఆ వ్యాఖ్యాతను చెరసాలకు పంపుమనలేదు. ఈ అసత్యమునకు మేము వెల చెల్లింపమనిరి. అంతే.

అయినను బహిష్కారమునకు మూడు కట్టుబాట్లుండవలయును. ఆక్షేపించిన మాట అసత్యమని ముందుగా రూఢిపరచుకొనవలయును. మనస్సు నొచ్చుట చాలదు. పలికినవాడు నిజముగా దిద్దుకొన్న, తలుపు తెరచియుంచవలయును. మూడవది అన్నిటికంటె ముఖ్యము: బెదరింపు పనికిరాదు. తనకు ప్రాణభయము గొలుపు లేఖలును, తన యూదుజన్మమును దూషించు లేఖలును వచ్చెనని ఆ వ్యాఖ్యాత చెప్పుకొనెను. అవి వ్రాసినవారు మృతులకు మిత్రులు కారు. నిజము చేతనుండగా దూషణకు దిగువాడు తన సాక్షిని తానే చంపుకొన్నవాడు.

కోర్టులుండగా ఈ శ్రమయేల యందురేమో. ఇంగ్లాండు చట్టమున మృతునకు పరువునష్టపు దావా లేదు. చచ్చినవానిపై నేమన్నను అడుగువాడు లేడు. మన దేశపు శిక్షాస్మృతి ఇంచుక మేలు. పూర్వపు 499వ సెక్షనులోను, 2024 జూలై నుండి అమలునందున్న భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనులోను, బంధువుల మనస్సు నొప్పించు ఉద్దేశముతో మృతునిపై నింద మోపుట పరువునష్టము కావచ్చునని వివరణ కలదు. కాని ఉద్దేశమును నిరూపించుట సులభము కాదు. కావున చట్టము చేయి చాపలేని తావున ప్రజల మనస్సాక్షియే కాపుండవలయును.

ఆ కాపు ఫలించినదా? 2009 ఏప్రిలు 15న లివర్‌పూల్ క్రీడాస్థలమున సంస్మరణసభకు వచ్చిన వేలజనము, మాటాడుచున్న మంత్రిని నడుమ నాపి, న్యాయము కావలెనని ఎలుగెత్తి కేక వేసినది. దాని ఫలితముగా స్వతంత్ర పరిశీలక సంఘ మేర్పడినది. 2012 సెప్టెంబరులో ఆ సంఘము దాచిన కాగితములను బయటపెట్టినది. 164 పోలీసు వాఙ్మూలములు మార్చబడెననియు, వానిలో 116టి నుండి పోలీసులకు ప్రతికూలమగు మాటలు తొలగింపబడెననియు తేలినది. సకాలమున వైద్యమందిన 41 మంది బ్రతుకుటకు అవకాశముండెనని వైద్యపరీక్ష చెప్పినది. ప్రధానమంత్రి పార్లమెంటున క్షమాపణ చెప్పెను. పాత తీర్పులు రద్దయినవి. 2016 ఏప్రిలు 26న జ్యూరీ, వీరు అన్యాయముగా చంపబడిరనియు, అభిమానుల నడవడి దీనికి కారణము కాదనియు తీర్పు చెప్పినది. ఆన్ విలియమ్స్ ఆ తీర్పు వినుటకు లేదు. ఆమె 2013లోనే గతించెను.

అంతయు జయమే యని చెప్పిన నేను న్యాయవాదిని కాను. డకెన్‌ఫీల్డుపై నడచిన నేరవిచారణలో 2019 నవంబరున జ్యూరీ అతనిని నిర్దోషి యనినది. అదియు తీర్పే, దానిని మన్నింపవలయును. కాని 97 మంది మరణమునకు ఒక్కరును శిక్ష పొందలేదనుట ఆ కుటుంబముల గుండెలలో ముల్లుగనే యున్నది. ప్రభుత్వోద్యోగులు విచారణలలో నిజమే చెప్పవలయునను విధిని చట్టము చేయుటకై 2025 సెప్టెంబరులో బ్రిటిషు పార్లమెంటున ఒక బిల్లు ప్రవేశపెట్టబడినది. అదియు ఆ కుటుంబముల పోరాటఫలమే.

సోదరులారా, ఇక మన మాట. ఇట్టి విపత్తును మనము 'తొక్కిసలాట' యందుము. ఆ పదమును పరికింపుడు. తొక్కినవాడెవడు? ప్రక్కనున్నవాడు. కావున దోషి యెవడు? ప్రక్కనున్నవాడే. విచారణ పదములోనే ముగిసిపోయినది! హిల్స్‌బరోలో పెక్కురు తొక్కబడి చావలేదు. నిలుచున్నవారు నిలుచున్నట్లే, రొమ్ము కదలక, ఊపిరి యాడక చచ్చిరి. ఒకడు ఒకని తొక్కుటకు కాలెత్తు చోటైన లేదు.

2015 జూలై 14న గోదావరి పుష్కరముల మొదటినాడు రాజమహేంద్రవరమున 27 మంది పోయిరి. 2025 జూన్ 4న బెంగుళూరు క్రికెట్టు క్రీడాస్థలమువద్ద విజయోత్సవము చూడవచ్చిన 11 మంది పోయిరి. ఇట్టివి జరిగినపుడు మన యరుగులమీద వినబడు మాట యేమి? 'జనమునకు బుద్ధిలేదు', 'అంత తొందరయేల', 'ఎవరు పొమ్మనిరి'. ఈ మాట లనువారు దుర్మార్గులు కారు. కాని ఆ మాట అమెరికాలోని వ్యాఖ్యాత పలికిన మాటకు తోబుట్టువు. పుష్కరస్నానమునకు పోయిన ముసలమ్మ ఎన్నడును తిరిగివచ్చి బదులు చెప్పదు. ఆమెకు బదులు చెప్పవలసినవారము మనము.

ఇకమీదట మీ యెదుట ఎవరైనను జనముదే తప్పనిన, కోపపడకుడు, కేకలు వేయకుడు. నాలుగు ప్రశ్నలడుగుడు. ఎందరు వత్తురని ముందుగా తెలిసియుండెను? వారికి ఎన్ని ద్వారములుంచిరి? మూసినదెవరు, తెరచినదెవరు? నిండినచోటికి పోవలదని చెప్పుటకు ఎవరిని నిలిపిరి? వీనికి బదులు దొరకువరకు చచ్చినవారిపై నోరెత్తవలదని చెప్పుడు. పత్రికలో అట్టి వ్రాత కనబడిన, నిజమును జతపరచి సంపాదకునకు జాబు వ్రాయుడు. దిద్దనిచో ఆ పత్రిక మీ యింటికి రానక్కరలేదు. లివర్‌పూలువారు ముప్పదియేండ్లకు పైగా ఈ పాటి పని చేయుచున్నారు. మనమును చేయగలము.