వెల లేని విద్యుత్తు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక అర్థశాస్త్ర అధ్యాపకుని ఉపన్యాసము)



అర్థశాస్త్రమనగా అంకెల గారడి యని కొందరి తలంపు. కాని మన బోరుబావి గట్టుననే ఆ శాస్త్రమంతయు కలదు. 2004వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇయ్యసాగిరి. కరవుచేతను, అప్పులచేతను క్రుంగిన రైతునకు అది ఊరట యైనది. దానిని తేలికచేసి మాటలాడను.

అయితే ధర కేవలము భారము కాదు, అదియొక కబురు. సరుకు కొరతగా నున్నది, పొదుపుగా వాడుడని చెప్పును. వెల లేనప్పుడు ఆ కబురు మన చెవిని పడదు. ఆటో స్టార్టరు బిగించిన మోటారు, కరెంటున్నంతసేపు తోడుచునేయుండును. నీటిమట్టము దిగినకొలది ప్రతి బిందెకును మరింత విద్యుత్తు కావలయును. బిల్లు తప్పినను, మరల బోరు వేయించు ఖర్చు తప్పదు. అందు ముందుగా ఓడువాడు చిన్నరైతే.

మరి సహాయము మానవలయునా? అక్కరలేదు. పంజాబులో 2018లో ఆరంభించిన యొక పథకమున, నిర్ణయించిన పరిమితిలో మిగిల్చిన ప్రతి యూనిటుకును రైతునకు 4 రూపాయలు చెల్లించిరి. సహాయమును నిలిచినది, పొదుపునకును వెల వచ్చినది.

ఈ గ్రంథాలయమున పుస్తకమునకు వెల గట్టము. గడువు మాత్రము పెట్టుదుము. ఆ గడువువలననే తరువాతి పాఠకునకు పుస్తకము దక్కుచున్నది. భూమిలోని నీటికిని తరువాతి పాఠకులు కలరు. వారు మన బిడ్డలే. వారి కొరకు మనము గడువును, లెక్కను పాటింతుముగాక. సెలవు.