పరిహారం: దారులు రెండు, ఎంపిక ఒకటే



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్లపై సరుకు బండ్లు నడిపే మన పిల్లలు పనిలో ఉండగా ప్రమాదానికి గురైతే చట్టం రెండు దారులు చూపుతున్నది.

2025 వరకు అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో ఎవరి నిర్లక్ష్యాన్నీ నిరూపించవలసిన అవసరం ఉండేది కాదు. కాని లెక్కలోకి వచ్చే నెల వేతనానికి 2020 నుండి ఆ చట్టంలో 15,000 రూపాయలే పరిమితిగా ఉండేది. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల వద్ద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఎదుటివాని నిర్లక్ష్యం రుజువు కావాలి; అయితే అనుభవించిన బాధకూ, కోల్పోయిన భవిష్యత్ ఆదాయానికీ అక్కడ విలువ కడతారు.

1988 చట్టం 167వ సెక్షన్ ప్రకారం రెండింటిలో ఒకదానినే కోరగలము. కనుక ఎఫ్‌ఐఆర్, సాక్ష్యం బలంగా ఉంటే ట్రిబ్యునల్, లేనిచో కార్మిక శాఖ కమిషనర్ మేలని మేము భావిస్తున్నాము. ఆరు నెలలలోపే నిర్ణయించుకొనండి.

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ మనది. నెత్తురు చిందించినవాని హక్కు గడువు దాటిపోరాదు.