పదిమందికి ఒక ప్రింటరు

(ఆగిరిపల్లిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మామిడి తోటల నడుమ, శోభనాచలము చెంత మీతో మాటలాడు అవకాశము కలిగినందులకు మిక్కిలి సంతసించుచున్నాము. రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు మీకు చెప్పువారు పెక్కురు కలరు. నేడు మేము మీ కార్యాలయమున ఒక మూల నుండు చిన్న యంత్రమును గూర్చి చెప్పదలచితిమి. అది కాగితములను అచ్చువేయు ప్రింటరు.

కొలది కాలము క్రిందట మేము ఒక గ్రామమునకు పోయియుంటిమి. ఊరి పేరు చెప్పుట మా ఉద్దేశము కాదు. అట్టి ఊళ్లు అనేకము కలవు. మనుమరాలి చదువు నిమిత్తము ఆదాయ ధ్రువపత్రము కొరకు శివారు పల్లె నుండి ఒక వృద్ధురాలు ఉదయముననే వచ్చి కూర్చుండినది. పత్రము మంజూరైనది, కంప్యూటరులో సిద్ధముగా నున్నది. ప్రింటరు బాగుగనే యున్నది. కాగితమునకు కొదువ లేదు. అయినను పత్రము ఆమె చేతికి రాలేదు. ఏలనన, ఆ ప్రింటరు ఒకే ఒక కంప్యూటరునకు తగిలింపబడియున్నది. ఆ కంప్యూటరును వాడు ఉద్యోగి పనిమీద పొలములకు పోయినాడు. దాని సంకేతపదము మరియొకరికి తెలియదు, తెలియరాదు కూడ. సాయంకాలపు బస్సునకు ఆమె వట్టి చేతులతో మరలిపోయినది. దరఖాస్తు గడువు ఆ దినముతోనే తీరినది.

ఇందు ఎవరిని తప్పు పట్టగలము? ఎవరి పని వారు చేసిరి. తప్పంతయు అమరికలో నున్నది. అమరికను మార్చుట మన చేతిలోని పని.

మన రాష్ట్రమున 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. అంతవరకు ఒక కార్యదర్శి కూర్చుండిన చోట, రెవెన్యూ, సంక్షేమము, వ్యవసాయము, సర్వే మున్నగు పెక్కు శాఖల ఉద్యోగులు ఒకే కప్పు క్రిందికి వచ్చిరి. ధ్రువపత్రములు, పింఛను జాబితాలు, ఈ-పంట పత్రములు, ఇంటిపన్ను నోటీసులు, గ్రామసభ తీర్మానములు అన్నియు కాగితముపైకి రావలసినవే. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రింటరు కొనుటకు నిధులు చాలవు. కొనవలసిన అవసరమును లేదు. ఒక మంచి యంత్రమును అందరును వాడుకొనవచ్చును.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున 1971లో గ్యారీ స్టార్క్‌వెదర్ అను ఇంజనీరు లేజరు ప్రింటరును రూపొందించెను. అది మిక్కిలి ఖరీదైనది. ప్రతి బల్ల వద్దను ఒకటి పెట్టుట అసాధ్యము. అక్కడి కంప్యూటర్లన్నియు ఆ యొక్క యంత్రమును వాడుకొనవలసియుండెను. 1973లో అచ్చటనే పుట్టిన ఈథర్‌నెట్ అను తీగల పద్ధతికి ఇది ఒక ముఖ్య కారణము. నేడు మీ కార్యాలయమున కంప్యూటర్లను కలుపు కేబులు ఆ పద్ధతి సంతానమే.

దీని పనితీరు మీకు తెలియనిది కాదు. మామిడి కోతల కాలమున నున్న మార్కెట్టునకు బండ్లు వచ్చును. కాటా యొకటి, రైతులు పలువురు. ముందు వచ్చిన బండి ముందు తూకమునకు ఎక్కును. తక్కినవి వరుసలో నిలుచును. ప్రింటరు వద్దను అట్లే. పది కంప్యూటర్ల నుండి వచ్చిన కాగితములు వరుసలో నిలిచి, ఒకదాని వెనుక ఒకటి అచ్చగును. ముందున్న బండి చక్రము విరిగినచో వెనుకనున్నవన్నియు ఆగిపోవును గదా! ముందున్న పత్రము చిక్కుకొనినను అంతియే. అప్పుడు మరల మరల మీట నొక్కుట వలన ప్రయోజనము లేదు. అడ్డము తొలగిన పిమ్మట ఒకే పత్రము పది ప్రతులుగా వచ్చి కాగితము వ్యర్థమగును. వరుసను తెరచి, చిక్కిన పత్రమును రద్దు చేయుటయే మార్గము.

ఇక అమరికను గూర్చి చెప్పెదము.

మొదటిది, ప్రింటరును కలుపు విధము. ఒక కంప్యూటరునకు తగిలించి, దాని ద్వారా తక్కిన వారికి పంచుట ఒక పద్ధతి. ఇందు ఆ కంప్యూటరు ఆగినచో అందరి పనియు ఆగును. ప్రింటరునే నేరుగా కార్యాలయపు నెట్‌వర్కునకు కలుపుట రెండవ పద్ధతి. ఇందు ఎవరు సెలవులో నున్నను తక్కినవారి పని సాగును. యంత్రమునకు నెట్‌వర్కు కేబులు తగిలించు చోటున్నచో రెండవ పద్ధతినే అవలంబింపుడు. అట్టి చోటు లేనిచో, మొదటి పద్ధతిలోని కంప్యూటరు పనివేళలందు నిదురపోకుండునట్లు అమర్చుడు.

రెండవది, చిరునామా. నెట్‌వర్కులోని ప్రతి యంత్రమునకు అంకెలతో కూడిన చిరునామా యుండును. దానిని రూటరు అను పెట్టె పంచిపెట్టును. కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ అంకెలు మారవచ్చును; అప్పుడు ఇల్లు మారినవానికి పాత చిరునామాకు ఉత్తరము వ్రాసినట్లగును. ప్రింటరు చెడిపోయినదని తలచి మరమ్మతువానికి కబురు పంపుదురు. కావున ప్రింటరునకు మారని చిరునామా కేటాయింపజేసి, దానిని ఒక చీటీపై వ్రాసి యంత్రమునకే అంటింపుడు.

మూడవది, తెలుగు అక్షరములు. ఒక కంప్యూటరులో చక్కగా కన్పట్టు తెలుగు, వేరొక కంప్యూటరు నుండి అచ్చువేయునప్పుడు గళ్లుగా వచ్చుట కలదు. ఆ అక్షరరూపములు అందు లేకపోవుటయే సాధారణముగా దీనికి కారణము. పత్రమును ముందుగా అక్షరరూపములతో సహా పీడీఎఫ్‌గా మార్చి అచ్చువేసినచో ఈ చిక్కు చాలవరకు తొలగును. కొత్త అమరికను ఒప్పుకొనుటకు ముందు మీ గ్రామస్థుల పేర్లు, స్త్రీ, క్ష, జ్ఞ వంటి అక్షరములు గల ఒక పుటను ప్రతి కంప్యూటరు నుండియు తీయించి చూడుడు. పేరు తప్పుగా పడిన పత్రము చెల్లదు, బాధ పౌరునిది.

నాల్గవది, కరెంటు. లేజరు ప్రింటరు లోపలి రోలరు సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కి పొడిసిరాను కాగితమునకు అతికించును. ఆ సమయమున విద్యుత్తును ఒక్కసారిగా లాగును. కావున చిన్న యూపీఎస్‌నకు దానిని తగిలింపరాదు. కంప్యూటర్లకు, రూటరునకు మాత్రము యూపీఎస్ ఉండవలెను. వానకాలమున చెమ్మ పట్టిన కాగితము యంత్రములో చిక్కును. కట్టను విప్పిన పిమ్మట మిగిలినదానిని చుట్టి, పొడిచోట పెట్టవలెను.

ఐదవది, గోప్యత. అందరును వాడు యంత్రము పళ్లెములో ఒకరి ఆధారు సంఖ్య, మరియొకరి బ్యాంకు ఖాతా పడియుండును. వరండాలో పెట్టిన ప్రింటరు ఊరి రచ్చబండ వంటిది. కావున దానిని ఉద్యోగులు కనిపెట్టియుండు గదిలో నుంచవలెను. సౌకర్యమున్నచో, పంపినవారు యంత్రము వద్దకు వచ్చి రహస్యసంఖ్య నొక్కిన తరువాతనే కాగితము వెలువడునట్లు అమర్చవచ్చును. యంత్రముతో వచ్చిన సంకేతపదమును మొదటి దినముననే మార్పింపుడు. 2021లో విండోస్ కంప్యూటర్లలో ప్రింటింగు వరుసను నడుపు భాగమునందే పెద్ద లోపము బయటపడి, మైక్రోసాఫ్టు సంస్థ అత్యవసర సవరణలను విడుదల చేయవలసివచ్చినది. సవరణలను ఎప్పటికప్పుడు వేయనిచో తలుపు తెరచి నిదురించినట్లే. కొన్ని పెద్ద యంత్రములు అచ్చువేసిన పత్రముల నకళ్లను లోపలనే దాచుకొనును. పాతసామానుగా అమ్మునప్పుడు వానిని తుడిపింపవలెను. పౌరుల సమాచారమును కాపాడు బాధ్యత దానిని సేకరించినవారిదే యని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

ఖర్చును గూర్చి ఒక మాట. యంత్రము చౌకయని సంతోషింపరాదు. పుట వెల చూడవలెను. ఉదాహరణకు, పొడిసిరా డబ్బా 2,000 రూపాయలై, 2,000 పుటలు వచ్చినచో పుటకు రూపాయి. 500 కాగితముల కట్ట 300 రూపాయలైనచో కాగితమునకు 60 పైసలు. మొత్తము రూపాయి 60 పైసలు. రెండు వైపుల అచ్చువేసినచో కాగితపు ఖర్చు సగమగును. ధర తక్కువగు యంత్రమునకు సిరా ధర ఎక్కువగా నుండుట కద్దు. కొనుటకు ముందే ఈ లెక్క వేయింపుడు.

ఉమ్మడి ఏర్పాటులో ఒక లోపమును కలదని దాచక చెప్పవలెను. ఉన్న ఒక్క యంత్రము చెడినచో అందరి పనియు ఆగును. ఉమ్మడి బావి ఎండిన నాటి కష్టము వంటిదే ఇది. అందుచేత పాత ప్రింటరును పారవేయక, ఒక కంప్యూటరునకు తగిలించి పనిచేయు స్థితిలో ఉంచుడు.

సభ్యులారా! మీరు కంప్యూటరు విద్య నేర్వనక్కరలేదు. కార్యాలయమునకు పోయినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. ఒక ఉద్యోగి లేనిచో తక్కినవారు పత్రము అచ్చువేయగలరా? యంత్రము ఆగినచో మొదట చూడవలసినవారు ఎవరు? పళ్లెములో మిగిలిన కాగితములను ఎవరు తీయుచున్నారు? సిరా, కాగితముల లెక్క వ్రాయుచున్నారా? సమాధానము దొరకని ప్రశ్నను వచ్చు సమావేశపు చర్చలో చేర్పింపుడు.

బస్సు వేళకు ముందే ఆ వృద్ధురాలి చేతికి పత్రము అందియుండినచో, ప్రింటరు ఎట్లు కలుపబడినదో ఆమెకు తెలియనే తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. ఆమెకు తెలియవలసిన పని లేకుండ చేయుటయే మన పని.