జీపు బ్రేకులు: పాదమునకు తెలియు సంగతులు

ఆదోని పత్తి మార్కెటుకు, ఎమ్మిగనూరుకు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చు దారులు పెక్కు నల్లరేగడి నేలమీదుగా సాగును. వేసవిలో ఆ నేల రాయివలె గట్టిపడును. వాన కురిసినచో బంకవలె చక్రములకు అంటుకొనును. ఇట్టి చోట నాలుగు చక్రములును లాగు జీపు మిక్కిలి ఉపకారి. బురదలోనుండి బయటపడు దాని శక్తిని అందరును మెచ్చుకొందురు. కాని నిండు బరువుతో వాలు దిగునపుడు ఎద్దులబండి అడ్డమువచ్చినచో, ప్రాణములు నిలుపవలసినది బ్రేకే.

1947లో మహీంద్రా వారు మన దేశమున విల్లీసు జీపులను కూర్చుట ఆరంభించిరి. ఆ పాత తరహా జీపులకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. పెడలు తొక్కగానే మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టములగుండా పోయి, చక్రములలోని షూలను డ్రమ్ములకు అదుమును. నాలుగు చక్రములకును ఆయిలు మార్గము ఒక్కటే గనుక, ఎచ్చట కారినను అన్ని బ్రేకులును పోవచ్చును.

ఎమ్మిగనూరులో గుంటమగ్గముపై నేయువానికి, కాలికింది పలక కదలికనుబట్టి పైనున్న నూలు సంగతి తెలియును. డ్రైవరు పాదమునకును అట్టి తెలివి ఉండవలెను.

పెడలు స్పంజివలె మెత్తగానుండి, రెండు మూడుమార్లు తొక్కినగాని గట్టిపడకున్నచో, గొట్టములలో గాలి చేరినదన్నమాట. గాలి తీయుటకు ఇద్దరు కావలెను. మాస్టరు సిలిండరుకు దూరమైన చక్రముతో మొదలిడవలెను. ఒకరు పెడలు తొక్కిపట్టగా, వేరొకరు చక్రమువద్ది మర వదులుచేసి, గాలితో కూడిన ఆయిలును గొట్టముద్వారా సీసాలోనికి వదలవలెను. మర బిగించిన పిదపనే పెడలు విడువవలెను. బుడగలు ఆగువరకు ఇట్లు చేయుచు, పైడబ్బాలో ఆయిలు తగ్గకుండ చూడవలెను.

తొక్కిపట్టిన పెడలు మెల్లగా క్రిందికి జారుచున్నచో, చక్రముల లోపలివైపు తడి ఉన్నదేమో వెదకుడు. తడి లేక, ఆయిలు మట్టమును తగ్గకున్నచో, మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పును అనుమానింపవలెను.

పెడలు చాల లోతుకు పోయిన తరువాతనే బ్రేకు పట్టినచో, షూలు అరిగియుండవచ్చును. వానిని సర్దవలెను, మిక్కిలి అరిగినచో మార్చవలెను. బండి ఒక ప్రక్కకు లాగినచో, ఒక చక్రపు లైనింగునకు గ్రీజో ఆయిలో అంటియుండవచ్చును. లేదా చక్రపు సిలిండరు బిగుసుకొని యుండవచ్చును. ఆయిలు పీల్చిన లైనింగును తుడిచి వాడరాదు. కారుటను ఆపి, క్రొత్తది వేయవలెను.

రేగడిబురద డ్రమ్ములలో చేరినచో, అందలి ఇసుక లైనింగును, డ్రమ్మును గీయును. కనుక బురదదారి దాటిన పిదప డ్రమ్ములు విప్పి కడిగించుట మంచిది. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును; ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక నోటితో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను. వాగు దాటిన తరువాత మెల్లగా నడుపుచు, బ్రేకును తేలికగా అదిమినచో తడి ఆరును.

డబ్బాలో ఆయిలు తగ్గినదని, చేతికందిన ఇంజను ఆయిలునుగాని కిరోసిననుగాని పోయుట ప్రమాదకరము. వానివలన రబ్బరు కప్పులు ఉబ్బి చెడిపోవును. ఆ బండికి నిర్ణయించిన బ్రేకు ఆయిలునే పోయవలెను. అదియును గాలిలోని తేమను పీల్చుకొనునది గనుక, రెండేండ్లకొకమారైనను మార్చవలెను.

బండి కదలకమునుపు పెడలును అరనిమిషము గట్టిగా తొక్కిపట్టి చూడుడు. కదలిన పది గజములలో ఒకమారు ఆపి చూడుడు. దారిలో బ్రేకు తప్పినచో, పెడలును వెంటవెంట తొక్కుచు, క్రింది గేరుకు మార్చి, చేతిబ్రేకును క్రమముగా లాగవలెను. చేతిబ్రేకునకు ఆ ఆయిలుతో సంబంధము లేదు. బండి నిలిచిన పిమ్మట, మరమ్మతు కానిదే మరల నడుపరాదు. సంతవేళ ఎంత మించిపోయినను సరే.