కదలని తాళం, ఉరికే స్వరం



వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి స్మృతిలో మాట్లాడమని పిలిచారు. విషయం కూడా మీరే ఇచ్చారు: వింటే ఒళ్లు ఝల్లుమనే శాస్త్రీయ రచనలు ఏవి, వాటి వెనక నడిచిన కథ ఏమిటి అని. ఖరగ్‌పూర్‌లో మనం కూర్చున్న ఈ పారిశ్రామికవాడకు విద్యాసాగరుడి పేరు పెట్టారు. ఆయన పుట్టిన బీర్‌సింగా ఈ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉంది. మన కందుకూరి వీరేశలింగంగారికి దక్షిణదేశ విద్యాసాగరుడని పేరు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు వాళ్ల దృష్టిలో ఉన్నదీ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే. కాబట్టి ఇక్కడ తెలుగులో సంగీతం గురించి మాట్లాడుతుంటే నాకు పరాయి ఊళ్లో ఉన్నట్టు లేదు.

1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం రైలుమార్గం పడింది. 1898-99 నాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసింది. వర్క్‌షాపు వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన పెద్దలు ఆ పట్టాల వెంబడే వచ్చారు. వాళ్లు రైలెక్కిన విజయనగరంలోనే 1919లో మహారాజావారు సంగీత కళాశాల తెరిచారు. చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజుకు చూపు లేదు. ఆ అబ్బాయి సంగీతం నేర్చుకోవడానికి ఒక చోటు ఉండాలన్న తలపుతో ఆ కళాశాల పుట్టింది. ఆ తరవాత ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. ఒక కుర్రాడి కోసం కట్టిన బడిలో ఒక జాతి గొంతు సవరించుకుంది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

ఇక విషయంలోకి వస్తాను. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకు తప్పెటగుళ్లు తెలిసే ఉంటుంది. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ పాడతారు. పాట సాగేకొద్దీ దరువు హెచ్చుతుంది, అడుగు హెచ్చుతుంది, చూసేవాడి గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంటుంది. నార్వే దేశపు గ్రీగ్ 1875లో ‘పీర్ గింట్’ నాటకానికి కూర్చిన సంగీతంలో, కొండరాజు కొలువు ఘట్టం నడిచేదీ ఇలాగే. మెల్లగా, దొంగ అడుగులతో మొదలై, అంతకంతకూ వేగం పెంచుకుంటూ, చివరికి వాద్యాలన్నీ కలిసి విరుచుకుపడతాయి. ఆ ఉద్వేగం నిజమైనదే. కచేరీ సంగీతం మాత్రం ఇంకో దారి ఎంచుకుంది. చేత్తో వేసే తాళం మొదట ఎంత నిదానంగా ఉందో చివరిదాకా అంతే ఉంటుంది. లోపల స్వరాలు మాత్రం రెట్టిస్తాయి. మన స్టేషన్‌లో ఆగని బండి దూసుకుపోతున్నప్పుడు దాని ఉరవడి మనకు ఎలా తెలుస్తుంది? వెయ్యి మీటర్లు దాటిన ప్లాట్‌ఫారం కదలకుండా ఉంది కాబట్టి. తాళం ఆ ప్లాట్‌ఫారం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే. మిగిలినది దాని చరిత్ర.

ఆ చరిత్రలో మొదట పేరు చెప్పవలసినవాడు పచ్చిమిరియం ఆదియప్పయ్య. తంజావూరు ఆస్థాన విద్వాంసుడు, శ్యామశాస్త్రికి గురువు. ఆయన భైరవి రాగంలో, ఖండ జాతి అట తాళంలో కట్టిన తెలుగు తానవర్ణం ‘విరిబోణి’. తాళం ఆవర్తానికి పద్నాలుగు అక్షరాలు. ఆ వర్ణాన్ని మొదటి కాలంలో పాడినప్పుడు భైరవి ఒక్కొక్క మలుపూ తీరికగా కనిపిస్తుంది. చెయ్యి వేగం మార్చకుండా రెండో కాలంలోకి వెళ్లగానే అదే సాహిత్యం, అవే గమకాలు సగం చోటులో ఇమిడిపోవాలి. నేర్చుకునే పిల్లలు ఇక్కడే తడబడతారు. చెయ్యి తెలియకుండానే తొందరపడుతుంది. దాన్ని పట్టి నిలిపిన రోజున ఆ పిల్లకో పిల్లాడికో సంగీతంలో ఉన్న పులకింత మొదటిసారి ఒంటికి తెలుస్తుంది.

తరవాత త్యాగరాజు. ఆయన ఇంటిపేరు కాకర్ల, బతుకు తిరువయ్యారులో. తెలుగు నేలకు దూరంగా, కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడుకున్నవాడు. ఈ ఊళ్లో కూర్చుని ఆయన్ని తలుచుకోవడంలో ఒక ప్రత్యేకమైన దగ్గరతనం ఉంది. ఆయన ఘనరాగ పంచరత్నాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో ఉన్నాయి. వీణ మీద తానం వాయించడానికి పెద్దలు ఎంచుకున్న రాగాలు ఇవి. అంటే మాట చేరకముందే వాటిలో నడక ఉంది. ఐదూ ఆదితాళమే. ఐదింటిలో ఏది ఎక్కువ ఉర్రూతలూగిస్తుందని అడిగితే చాలామంది శ్రీరాగంలోని ‘ఎందరో మహానుభావులు’ అంటారు. నా ఓటు ఆరభికి, ‘సాధించెనే’కి.

ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. ఆరభి ఎక్కేటప్పుడు గాంధారం, నిషాదం ఉండవు. దిగేటప్పుడు వచ్చినా తాకీ తాకనట్టు వెళ్లిపోతాయి. నిలబడి ఊగడానికి చోటు తక్కువ ఉన్న రాగం, అందుకే అందులో నడక ఎప్పుడూ చురుకు. ఆ నడక మీద త్యాగరాజు తన దేవుడితో జగడం పెట్టుకున్నాడు. నీతులు చెప్పినవాడే చివరికి తన పంతం నెగ్గించుకున్నాడని, నమ్మినవాళ్లను వేళకో మాట చెప్పి ఏడిపించాడని వరసగా దెప్పుతాడు. ప్రతి చరణాన్నీ ముందు స్వరంగా పాడతారు, తరవాత అదే బాణీకి మాట తొడుగుతారు. అయిపోగానే ఒకే పల్లవిలాంటి వాక్యానికి వచ్చి వాలుతారు. చరణాలు కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. అందుకని ఆ వాక్యం ఎప్పుడు వస్తుందా అని చెవి కాచుకుని ఉంటుంది. వచ్చి తాళంలో తన చోట కచ్చితంగా పడగానే సభ అంతా ఒక్కసారి తల ఊపుతుంది. తిరువయ్యారు ఆరాధనలో విద్వాంసులంతా వరసల్లో కూర్చుని కలిసి పాడేటప్పుడు ఆ వాక్యం దగ్గర గొంతులన్నీ ఒక్కటైపోతాయి. తెలుగు రాని గాయకులు కూడా ఆ దెప్పుడును ముద్దుగా పలుకుతారు. మనకేమో ఆ మాట ఇంట్లో మాట.

ఆ కాలంలోనే మద్రాసు కోటలో తెల్లవాళ్ల బ్యాండు మోగేది. ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటాం. ఆయన తమ్ముడు బాలుస్వామి అదే ఊళ్లో వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. కొన్ని దశాబ్దాలకు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కదనకుతూహల రాగాన్ని కల్పించి ‘రఘువంశ సుధాంబుధి’ రాశారు. ఆ రాగం మెట్టు మెట్టుగా ఎక్కదు, గెంతుతూ ఎక్కుతుంది. చిట్టిబాబుగారి వీణ మీద ఆ కృతి విన్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. బాలమురళీకృష్ణగారు అదే రాగంలో తిల్లానా కట్టారు. జతులు ఆ గెంతులకు తోడైతే ఎలా ఉంటుందో వినండి, ఈ రాత్రికే వినండి.

ద్వారం వారి దగ్గరకు వస్తాను. 1893లో దీపావళి నాడు బెంగళూరులో పుట్టారు, తండ్రి సైన్యంలో పనిచేశారు. చూపు మందం. విజయనగరం కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాదన విన్న ప్రిన్సిపాలు, ఇతను నేర్చుకోవలసినవాడు కాదని ఆచార్య పదవే ఇప్పించారు. ఆ ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి నిలిపి చూపిన లయబ్రహ్మ. తాళం కదలకూడదన్న నియమానికి అంతకు మించిన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

అప్పటిదాకా కచేరీలో వయొలిన్ పని గాయకుడి వెంట నడవడం. 1938లో వేలూరులో ద్వారం ఒక్కరే ప్రధానంగా కూర్చుని కచేరీ చేశారు. ఇది చిన్న మార్పు కాదు. గొంతు లేదు కాబట్టి మాట లేదు. సాహిత్యాన్ని శ్రోతే మనసులో అనుకోవాలి. కమాను మీద పొడుగాటి లాగుడు, నాదంలో మెత్తదనం ఆయన సొత్తు. పాశ్చాత్య వాదకుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, గమకం చెడకుండా మన బాణీకి ఒదిగించుకున్నారు. హడావిడి లేని ఆ చేతి నుంచి రెండో కాలం పుట్టినప్పుడు కలిగే పులకింత, పరుగులు తీసే చేతులు ఇవ్వలేనిది. మద్రాసు సంగీత అకాడమీ 1941లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన్ని విని ముగ్ధుడయ్యాడు. రెండు ఖండాల్లో వేరు వేరుగా పెరిగిన ఒకే వాద్యం ఆ రోజు కలుసుకుంది. 1957లో పద్మశ్రీ వచ్చింది, 1964 నవంబరులో ఆయన వెళ్లిపోయారు.

ఆ దారిలోనే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు వీణను మాట లేని కథకు వాహనం చేశారు. ఎవరెస్టు ఆరోహణ స్ఫూర్తితో ‘ఆదర్శ శిఖరారోహణం’ కూర్చారు. కొందరు పెద్దలు ఇది సంప్రదాయం కాదన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. దీక్షితులు బ్యాండు బాణీని తీసుకున్న రోజునే ఆ తలుపు తెరుచుకుంది.

ఇప్పుడు ఈ ఊరి పిల్లలు భైరవి వర్ణం వాయిస్తారు. వీళ్లు బడిలో బెంగాలీ, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరుగుతున్నవాళ్లు. మీరంతా చేత్తో అట తాళం వెయ్యండి. ఐదు, ఐదు, రెండు, రెండు. రెండో కాలం రాగానే మీ చెయ్యి ముందుకు లాగుతుంది. లాగనివ్వకండి. అమ్మా, శ్రుతి చూసుకుని మొదలుపెట్టండి.