అరచేతిలోని బజారు – విశ్వాసి బాధ్యత

(మొదటి ఖుత్బా)

అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మా ఆత్మల కీడు నుండి, మా కర్మల చెడు నుండి ఆయన శరణే వేడుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా, సోదరీమణులారా!

మాకూ మీకూ మేము చేసే మొదటి హితబోధ దైవభీతిని గురించినదే. ఒంటరిగా ఉన్నా నలుగురిలో ఉన్నా అల్లాహ్ మనల్ని చూస్తున్నాడన్న స్పృహయే తఖ్వా. ఈ రోజు ఆ తఖ్వాను మన చేతిలోని ఫోనుకూ, దాని ద్వారా జరిగే కొనుగోళ్లకూ అమ్మకాలకూ అన్వయించి ఆలోచిద్దాం.

ఒక శుక్రవారం నాడు మదీనా మస్జిదులో మహాప్రవక్త (స) నిలబడి ఖుత్బా ఇస్తున్నారు. అదే సమయంలో ఆహారధాన్యాలు మోసుకువచ్చిన వర్తక బిడారు ఊరిలోకి ప్రవేశించింది. జనం లేచి అటువైపు వెళ్లిపోయారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం పన్నెండు మంది మాత్రమే మిగిలారు. సూరా జుముఅహ్ చివరి ఆయతు ఈ సంఘటననే గుర్తుచేస్తున్నది. అయితే ఆ సూరా వ్యాపారాన్ని నిందించలేదని గమనించండి. జుమా అజాన్ వినిపించగానే క్రయవిక్రయాలు విడిచిపెట్టమని ఆదేశించింది. నమాజు ముగిశాక భూమిపై వ్యాపించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని, ఆ అన్వేషణలోనూ ఆయనను అధికంగా స్మరించమని బోధించింది.

ఆనాడు బిడారు కోసం జనం లేచి వెళ్లవలసి వచ్చింది. ఈనాడు బిడారే మన జేబులోకి వచ్చి కూర్చున్నది. మనం సఫ్‌లో నిలబడి ఉండగానే అది జేబులో కదులుతుంది. తగ్గింపు ధర ఇంకా గంటసేపే అని పిలుస్తుంది. అర్ధరాత్రి పడకలో కూడా దాని దుకాణం తెరిచే ఉంటుంది. కనుక ఈ బజారులో విశ్వాసి ఎలా మసలుకోవాలన్న ప్రశ్న నేడు ప్రతి ఇంటి ప్రశ్న అయింది.

సోదరులారా! ఈ కొత్త బజారు వల్ల కలిగిన మేలును మనం కాదనలేము. 2016లో యూపీఐ ప్రారంభమైన తరువాత తోపుడుబండిపై పండ్లు అమ్ముకునే సోదరుడు సైతం ఒక క్యూఆర్ కోడ్ అట్ట పెట్టుకుని చిల్లర బాధ లేకుండా వ్యాపారం చేసుకుంటున్నాడు. లాడ్ బజారులోని గాజుల వ్యాపారి దూరదేశంలో ఉన్న కుటుంబానికి వీడియోలో గాజులు చూపించి అమ్మగలుగుతున్నాడు. ఇంటి నుండి కదలలేని సోదరి తన కుట్టుపనిని ఫోటో తీసి పంపి, నాలుగు రూపాయలు హలాల్‌గా సంపాదించుకుంటున్నది. ఇవన్నీ అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యాలే. సాధనం మంచిదా చెడ్డదా అన్నది కాదు సమస్య. దానిని ఉపయోగించే చేతిలో న్యాయం ఉన్నదా లేదా అన్నదే సమస్య.

మహాప్రవక్త (స) ఒకసారి మదీనా బజారులో ధాన్యపు రాశి వద్ద ఆగారు. పైన గింజలు పొడిగా ఉన్నాయి. ఆయన రాశిలోకి చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ సంఘటన మనందరికీ తెలిసినదే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ వర్తకుడు ధాన్యాన్ని కావాలని తడపలేదు. అబద్ధమూ చెప్పలేదు. కొనేవాడు తెలుసుకోదగిన దానిని కనబడని చోట ఉంచాడు, అంతే. ఆ మాత్రానికే అంత కఠినమైన హెచ్చరిక వచ్చింది.

ఇప్పుడు మన చేతిలోని తెరను చూద్దాం. అక్కడ రాశిలో చేయి పెట్టే వీలు లేదు. బట్ట నేతను వేళ్లతో తడిమి చూడలేము, అత్తరును వాసన చూడలేము, అమ్మేవాడి ముఖం చూడలేము. ఫోటో, ధర, నక్షత్రాలు, ఇతరుల అభిప్రాయాలు – ఇవే మన కళ్లు, ఇవే మన వేళ్లు. ఏ వస్తువు ముందు కనబడాలో, ఏది పదో పేజీలో పడి ఉండాలో నిర్ణయించేది మనం కాదు. మనం నిన్న ఏం వెతికామో, దేని వద్ద ఎంతసేపు ఆగామో, ఏది బుట్టలో వేసి కొనకుండా వదిలేశామో లెక్కకట్టి, దానినే మళ్లీ మన ముందుకు తెస్తారు. డబ్బు చెల్లించి పైకి తెచ్చుకున్న ప్రకటనను కూడా వెతుకులాటలో సహజంగా దొరికిన వస్తువులాగే చూపిస్తారు. మనమే ఎంచుకున్నామని భావిస్తాము. కానీ ఎంచుకోవడానికి మన ముందు ఏమి ఉంచాలో అప్పటికే మరొకరు ఎంచి పెట్టి ఉంటారు.

ఈ ఎత్తుగడలు ఎంతగా పెరిగాయంటే, మన దేశ ప్రభుత్వమే వాటికి పేర్లు పెట్టి నిషేధించవలసి వచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలలో డార్క్ ప్యాటర్న్‌లు అనే 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నది. లేని తొందరను సృష్టించడం, అడగని వస్తువునో విరాళాన్నో బుట్టలో చేర్చడం, మొదట తక్కువ ధర చూపి చెల్లింపు సమయంలో రుసుములు కలపడం, వద్దన్నవాడికి సిగ్గు కలిగేలా మాటలు రాయడం, చందా చేరడం సులువుగా, మానుకోవడం దుర్లభంగా చేయడం – ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్నే దివ్య ఖుర్ఆన్ సూరా నిసాలో ధర్మసమ్మతమన్నది. కొనేవాడికి తెలియకుండా తీసుకున్న అంగీకారం అంగీకారమే కాదు. తడిసిన ధాన్యం ఇక్కడా అడుగునే ఉన్నది.

నక్షత్రాల సంగతి కూడా ఇంతే. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఉసిగొల్పడానికి ధర పెంచి వేలం పాడడాన్ని షరీఅత్‌లో నజ్ష్ అంటారు. మహాప్రవక్త (స) దానిని నిషేధించారు. డబ్బు తీసుకుని, వాడని వస్తువుకు అయిదు నక్షత్రాలు ఇచ్చేవాడు చేస్తున్నది అదే పని. పోటీ దుకాణం మీద అబద్ధపు ఫిర్యాదు రాయించేవాడి పాపం ఇంకా పెద్దది. అందులో మోసంతో పాటు అపనింద కూడా ఉన్నది. ఒక చిన్న హోటలు, ఒక దర్జీ దుకాణం కొన్ని నెలలు కష్టపడి తెచ్చుకున్న మంచిపేరు అలాంటి రెండు మూడు అబద్ధాలతో దెబ్బతింటుంది; ఒక ఇంటి పొయ్యి మీద ఆ ప్రభావం పడుతుంది. వ్యాపారి తానే వినియోగదారుడిలా నటించి సమీక్షలు రాయకూడదని 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్నే రూపొందించింది. చట్టం ఇప్పుడు చేరుకున్న ఈ చోటికి మన దీన్ పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే మనల్ని చేర్చింది. అయినా మనలో కొందరు బంధువులందరికీ లింకు పంపి, కొనకుండానే నక్షత్రాలు ఇవ్వమని అడుగుతున్నారంటే సిగ్గుపడవలసింది మనమే.

ఇక మాయాబజారులో మరింత ప్రమాదకరమైన ద్వారం అప్పు. వస్తువు పక్కనే వాయిదాల మీట ఉంటుంది. జేబులో డబ్బు లేదన్న ఆటంకాన్ని ఆ మీట తొలగిస్తుంది. దానితోపాటే ఇది నాకు నిజంగా అవసరమా అన్న ఆలోచననూ తొలగిస్తుంది. వడ్డీ విషయంలో ఖుర్ఆన్ చేసిన హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మీకు మేము చెప్పనవసరం లేదు. 2020 చివరలో మన తెలంగాణలోనే తక్షణ రుణ యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు తీసుకున్నవారి ఫోనులోని పేర్లన్నీ లాగి, బంధుమిత్రులకు సందేశాలు పంపి పరువు తీశారు. తరువాత 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు ఇస్తూ, యాప్‌లు ఫోనులోని పరిచయాల జాబితానూ ఫైళ్లనూ తాకరాదని, రుణానికి అయ్యే మొత్తం ఖర్చును వార్షిక శాతంగా ముందే చూపాలని ఆదేశించింది. ఆ నియమాలు మేలే. కానీ పెళ్లికో పండుగకో నలుగురిలో చిన్నతనం కాకూడదని వడ్డీ ఊబిలోకి దిగే మనసును ఏ నియమం ఆపగలదు? దానిని ఆపవలసింది తఖ్వాయే.

ఇంతవరకు విన్నవి మీకూ నాకూ అందరికీ హితవుగానే తోచి ఉంటాయి. ఎందుకంటే ఇందులో తప్పు ఎక్కువగా అమ్మేవాడిది. మనం చాలాసార్లు కొనేవాళ్లం. అయితే సూరా ముతఫ్ఫిఫీన్ వినాశం ఎవరికని హెచ్చరించిందో జ్ఞాపకం చేసుకోండి. ఇతరుల నుండి తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి. ఆ త్రాసు అమ్మేవాడి చేతిలోనే కాదు, కొనేవాడి చేతిలోనూ ఉంటుంది.

పండుగకు కొత్త బట్టలు తెప్పించుకుని, ఈద్‌గాహ్‌కు వేసుకుని వెళ్లి, చీటీ చెదరకుండా మడిచి, సైజు సరిపోలేదని వెనక్కి పంపేవారు మనలో లేరా? బాగున్న వస్తువునే పాడైందని చెప్పి డబ్బు రాబట్టుకునేవారు లేరా? వీధి చివరి దుకాణంలో అరగంటసేపు పది జతల చెప్పులు తీయించి, కొలత తెలుసుకుని, దుకాణం గడప దాటగానే ఫోనులో ఆర్డరు పెట్టేవారు లేరా? ధరలు పోల్చుకోవడం తప్పు కాదు. కానీ కొనే ఉద్దేశమే లేకుండా ఒక మనిషి శ్రమను వాడుకోవడం న్యాయమా అని మన హృదయాన్ని మనమే అడగాలి.

ఇక్కడ మహాప్రవక్త (స) చేసిన ఒక తీర్పు మనకు దారి చూపుతుంది. ఆ రోజుల్లో కొందరు ఒంటెనో మేకనో అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా ఉంచేవారు. నిండిన పొదుగు చూసి, ఇది ఎప్పుడూ ఇన్ని పాలు ఇస్తుందని కొనేవాడు భ్రమపడేవాడు. ఆయన (స) దానిని నిషేధించారు. అలా మోసపోయినవాడికి మూడు రోజుల గడువు ఇచ్చి, ఇష్టమైతే ఉంచుకోవచ్చు, లేకుంటే తిరిగి ఇచ్చివేయవచ్చు అన్నారు. కానీ అక్కడితో ఆగలేదు. పశువును తిరిగి ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక సాఅ ఖర్జూరాలు కూడా ఇవ్వమన్నారు. కొనేవాడు ఈలోగా ఆ పాలు వాడుకున్నాడు గనుక. సోదరులారా! మోసపోయినవాడు సైతం తాను వాడుకున్న దానికి వెల చెల్లించాలన్నది ఇస్లాం. అలాంటప్పుడు ఎవరూ మోసగించకుండానే వాడుకుని తిరిగి పంపేవాడి సంగతి ఏమిటి?

ఇంతటితో ఈ మాట ముగిస్తూ, మాకోసం, మీకోసం, ముస్లిములందరి కోసం అల్లాహ్ క్షమాపణ వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

(రెండవ ఖుత్బా)

అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన ప్రవక్తపై దరూద్, సలాం.

ధర్మసోదరులారా! విన్నది ఆచరణలోకి రావాలి. కనుక కొన్ని విషయాలు మనసున నిలుపుకుందాం.

మొదటిది, జుమా అజాన్ నుండి నమాజు ముగిసేవరకు ఈ బజారును పూర్తిగా మూసివేద్దాం. ఫోను నిశ్శబ్దంగా ఉంచితే చాలదు. కొనుగోలు పని కూడా ఆపాలి. అప్పుడు మీట నొక్కి కొనడమూ క్రయమే.

రెండవది, తొందరపెట్టే ధరను చూసినప్పుడు ఒక నమాజు నుండి మరో నమాజు వరకు ఆగుదాం. జుహర్‌కు ముందు తప్పనిసరి అనిపించినది అసర్ తరువాత కూడా అవసరమే అనిపిస్తే కొనుక్కోవచ్చు. దుబారాను ఖుర్ఆన్ షైతాను సోదరుల లక్షణంగా పేర్కొన్నదని మరువరాదు. చెల్లించే ముందు బుట్టలో మనం వేయనిది ఏమైనా చేరిందేమో, చివరి మొత్తం ఎంతో చూసుకుందాం. వడ్డీతో కూడిన వాయిదా అయితే ఆ వస్తువును వదిలివేద్దాం.

మూడవది, అమ్మేవారు తడిసిన ధాన్యాన్ని పైన ఉంచాలి. బట్ట రంగు దిగుతుందంటే మొదటి వరుసలోనే రాయండి. గాజుపై గీత ఉంటే ఆ గీతనే ఫోటో తీసి పెట్టండి. రవాణా ఖర్చు ఎంతో ముందే చెప్పండి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాన్ని బయటపెడితే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని మహాప్రవక్త (స) బోధించారు. అమ్మకాల సంఖ్య తెరపై కనబడుతుంది, బర్కత్ కనబడదు. కానీ ఇల్లు గడిచేది బర్కత్‌తోనే.

నాలుగవది, సమీక్ష రాయడం సాక్ష్యం చెప్పడమే. వాడినదాని గురించే, ఉన్నదున్నట్లే రాద్దాం. కోపంలో రాయవద్దు, స్నేహం కోసం రాయవద్దు. మంచి పని చేసిన చిన్న వ్యాపారి గురించి రెండు మంచి మాటలు రాయడం కూడా పుణ్యకార్యమే.

అయిదవది, మోసపోయినప్పుడు మౌనంగా ఉండనవసరం లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఫిర్యాదు అందినట్లు ఇ-కామర్స్ సంస్థ 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. అన్యాయాన్ని ఆపడం మన తరువాత కొనేవారికి చేసే మేలు. పెద్దవయసు తల్లిదండ్రులకు, చదువురాని పొరుగువారికి ఈ విషయాలు చెప్పడం యువకుల బాధ్యత.

సోదరులారా! పూర్వం ముస్లిం నగరాలలో తూనికలు, కొలతలు పరిశీలించడానికి ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగేవాడు. నేడు చట్టాలున్నాయి, అధికారులున్నారు. కానీ రాత్రివేళ గదిలో ఒంటరిగా, వేలి కొసతో చేసే బేరాన్ని ఏ అధికారీ చూడలేడు. అక్కడ చూసేవాడు ఒక్కడే. మన వెతుకులాటలను, కొనుగోళ్లను యాప్‌లు లెక్కలు కడుతున్నాయని భయపడుతున్నాము. అన్నిటినీ నమోదు చేయించే ఆ ప్రభువు లెక్కను గురించి అంతకంటే ఎక్కువగా భయపడాలి కదా!

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి, మా ఖర్చును మితం చేయి. మా వ్యాపారులను సత్యవంతులుగా, మా కొనుగోలుదారులను న్యాయవంతులుగా తీర్చిదిద్దు. అప్పుల్లో మునిగినవారికి దారి చూపు. వడ్డీ ఊబి నుండి మా ఇళ్లను కాపాడు. అజాన్ వినిపించినప్పుడు బిడారును విడిచి నీ వైపు నిలిచిన ఆ కొద్దిమందిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్.

లేవండి, నమాజు స్థాపిద్దాం. నమాజు ముగిశాక మీ మీ పనులకు వెళ్లండి. అక్కడా అల్లాహ్‌ను స్మరిస్తూ ఉండండి.