సైకిళ్ళ మీద తీర్థయాత్ర

(అవనిగడ్డలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ గురించి మాట్లాడవలసిన పెద్దలు నా తర్వాత ఉన్నారు. ఆ సంగతులు వారికి వదిలి, కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయానికి వస్తాను. విదేశాల్లో రిటైరైనవాళ్ళు జట్లు జట్లుగా సైకిళ్ళ మీద పల్లెలూ గుళ్ళూ చూసి వస్తున్నారు. ఆ యాత్రలు ఎలా సాగుతాయో, అందులో మనకు పనికొచ్చేదేమిటో చెప్పమన్నారు.

ఈ యాత్రలకు పేరుపడ్డ దేశాలు బంగాళాఖాతానికి అవతల, మనకు తూర్పున ఉన్నాయి. కంబోడియాలో సియెం రీప్ అనే ఊళ్ళో దిగి, అక్కడినుంచి అంగ్‌కోర్ గుళ్ళకు సైకిళ్ళ మీద వెళతారు. అంగ్‌కోర్ వాట్ 12వ శతాబ్దం పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ కట్టించిన విష్ణ్వాలయం. దాని గోడమీద క్షీరసాగర మథనం బారుగా చెక్కి ఉంది. ఇంకో గోడమీద కురుక్షేత్రం, మరో గోడమీద లంకాయుద్ధం. వియత్నాంలో అయితే మెకాంగ్ నది డెల్టాలో తిరుగుతారు. వరిచేలు, కొబ్బరితోటలు, ఎటు చూసినా కాలువలు. కాలువ అడ్డం వస్తే సైకిలును పడవలో పెట్టుకుని దాటి, అవతలి గట్టున మళ్ళీ తొక్కుతారు. వింటుంటే మన నాగాయలంక సంగతి చెబుతున్నట్టే ఉంటుంది.

ఆ తూర్పు దేశాలతో మనకు చుట్టరికం ఈనాటిది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో తొలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు మన తీరాన్ని మైసోలియా అన్నాడు. అందులో కంటకోస్సైల అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది మన ఘంటసాలేనని చరిత్రకారుల అభిప్రాయం. సువర్ణభూమికి పోయే ఓడలు గట్టు వదిలే చోటు కూడా ఈ తూర్పు తీరం మీదనే ఉన్నట్టు రాశాడు. మన కాలానికి వస్తే, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారు ఈ దివిసీమవారే. 1981లో రెండవ మహాసభలు జరిగినది మలేషియాలోని కౌలాలంపూరులో.

ఇక యాత్ర నడిచే తీరు చెబుతాను. ఇదే ముఖ్యం. అందరికంటే ముందు దారి తెలిసిన గైడు ఉంటాడు. ఆయన్ని దాటి ఎవరూ పోకూడదు. అందరికంటే వెనుక ఇంకొక మనిషి ఉంటాడు. అతనికి వెనుక ఎవరూ మిగలకూడదు. జట్టు మొత్తం నెమ్మదిగా తొక్కేవాడి వేగంతోనే పోతుంది. వెనుక ఒక వ్యాను వస్తుంది. సామాను, మంచినీళ్ళు, మందులపెట్టె, పంక్చరు సామగ్రి అన్నీ దానిలోనే. అలసినవారు సైకిలును వ్యానుకెక్కించి తామూ ఎక్కుతారు. అందుకు ఎవరూ నవ్వరు. పొద్దున చల్లగా ఉండగా తొక్కి, ఎండ ముదిరేసరికి ఆగుతారు. ఆగినచోట గైడు ఆ ఊరి కథ చెబుతాడు. అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళు ఈ యాత్రలు చేయగలుగుతున్నది ఆ ఏర్పాటు వల్లనే.

మనలో చాలామందికి ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలే ఆఫీసు వాహనం. బడికి వెళ్ళినా, కాలువ మీద నీటిమట్టం చూడబోయినా, శిస్తు వసూలుకు వెళ్ళినా క్యారేజీకి టిఫిను డబ్బా కట్టుకుని తొక్కినవాళ్ళమే. ఇవాళ సైకిలు తీస్తే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో పిల్లలు ఫోనుచేసి, ‘నాన్నా, నీకెందుకు ఇప్పుడు’ అంటారు. వాళ్ళ భయం తీసివేయదగింది కాదు. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది. మంచాన పడ్డ మనిషి లేవడం కష్టం. అయితే ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయినా కాళ్ళలో సత్తువ పోతుంది, తూలి పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. ఒంటరిగా వెళ్ళనని, ముందొకరు వెనకొకరు, వెంట బండి ఉంటాయని చెబితే వాళ్ళకూ ధైర్యం వస్తుంది.

అందుకోసం కంబోడియాదాకా పోనక్కరలేదు. వీసా, విమానం టిక్కెట్టు మన పెన్షనుకు అందేవి కూడా కావు. వ్యానుకు బదులు ఆటో పెట్టుకుని మూడు ఉదయాల యాత్ర మనమే చేసుకోవచ్చు.

మొదటి ఉదయం అవనిగడ్డలో లక్ష్మీనారాయణస్వామిని దర్శించుకుని బయలుదేరి, పులిగడ్డ అక్విడక్టు దగ్గర ఆగి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని ఆలయానికి చేరడం. ఓపిక ఉన్నవారు పెదకళ్ళేపల్లి దాకా వెళ్ళి దుర్గానాగేశ్వరస్వామిని చూడవచ్చు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పుట్టిన ఊరది.

రెండవ ఉదయం సైకిళ్ళు చల్లపల్లి దాకా బండిలో వేసుకుని, అక్కడినుంచి ఘంటసాలకు తొక్కడం. అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బ, పురావస్తు ప్రదర్శనశాల చూసి శ్రీకాకుళం చేరాలి. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఆగినదీ, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యదలో చెప్పుకున్నదీ ఈ శ్రీకాకుళంలోనే.

మూడవ ఉదయం కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, ఆ పైన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు, మడ అడవులు. ఇది కొంచెం దూరం కనుక తిరుగు ప్రయాణం బండిలోనే పెట్టుకుందాం. సంగమం దగ్గర నీటి ఉరవడి ఎక్కువ. లోతుకు దిగవద్దని ముందే మనవి.

గైడు ఎవరని అడుగుతారేమో. ఈ హాలు నిండా ఉన్నారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలితే, ఆ పాయ దాటి కాలువ నీళ్ళు దివిసీమకు ఎలా వస్తున్నాయో నీటిపారుదల శాఖలో చేసినవారు చెప్పాలి. ఘంటసాల సంగతి ఉపాధ్యాయులు చెప్పాలి. కోడూరు దారిలో మాత్రం ఒక పెద్దాయన 1977 నవంబరు 19 గురించి చెప్పాలి. ఆనాడు పాతికేళ్ళ వయసులో శవాలను మోసిన ఉద్యోగులు, సహాయ శిబిరాల్లో బియ్యం కొలిచిన ఉద్యోగులు ఇప్పుడు డెబ్బై దాటారు. పుస్తకాల్లో చనిపోయినవారి లెక్క ఉంటుంది. ఏ ఊళ్ళో నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో, ఏ చెట్టు పట్టుకుని ఎవరు బతికారో చూసినవారి నోటనే వినాలి. ఇంకో పదేళ్ళు పోతే చెప్పేవారు ఎందరుంటారు? అందుకే ప్రతి సభ్యుడూ ఒక మనవడినో మనవరాలినో వెంట తీసుకురావాలని నా కోరిక. వాళ్ళు సైకిలు తొక్కుతారు, మనం కథ చెబుతాం. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆటోలో వచ్చినా కథకులుగా వారి స్థానం వారిదే.

కొన్ని జాగ్రత్తలు. పేర్లిచ్చే ముందు డాక్టరుకు చూపించుకుని, గుండె, బి.పి. సంగతి తేల్చుకోండి. షుగరున్నవారు టిఫిను తినకుండా ఎక్కవద్దు, జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి. సీటు దించుకోండి, ఆగినప్పుడు కాలు నేలకు ఆనాలి. బ్రేకులు ముందురోజే చూపించండి. లారీలు తిరిగే జాతీయ రహదారి తప్పించి, వీలైనంతవరకు కాలువగట్లు, కరకట్ట, ఊరి రోడ్లు పట్టుకుందాం. తుపానుల రోజులు వద్దు. సంక్రాంతి వెళ్ళాక అయితే వరికోతలై, చేలల్లో మినుము పచ్చగా ఉంటుంది, ఎండ బాధించదు. మంచు విడిచాకనే బయలుదేరాలి.

ఏటా ఒకసారి బతికే ఉన్నామని ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తున్నాం. మిగతా రోజుల్లో మనకు మనం ఇచ్చుకోవలసిన సర్టిఫికెట్ కూడా ఒకటుంది.

మొదటిసారికి పన్నెండుమంది చాలు. బండి కిరాయి, టిఫిన్లు తలా ఇంతని పంచుకుందాం. పేర్లతోపాటు, తాము ఏ ఊరి కథ చెప్పగలరో కూడా కార్యదర్శిగారి దగ్గర రాయించవలసిందిగా మనవి.